పశువు జ్వరమును అంకెతో తెలిసికొనుడు

మేత మానిన గేదె చెవులు పట్టి చూచి, "వేడిగా నున్నది, జ్వరమే" యని తేల్చివేయుట మన పల్లెలలో పరిపాటి. కాని చెవులు ఎండకు వేడెక్కును, చలిగాలికి చల్లబడును. లోపలి వేడిమిని థర్మామీటరే చెప్పగలదు. మనుష్యులకు వాడునట్టిదే పశువులకును చాలును. అయితే దానిని పశువులకే ప్రత్యేకించి ఉంచుడు.

పాదరసపు థర్మామీటరైనచో విదిలించి 96 డిగ్రీల దిగువకు దింపవలెను. కొనకు నూనె రాసి, మలద్వారములో లోపలి గోడకు ఆనునట్లు రెండు నిముషములుంచవలెను. పేడలో గ్రుచ్చుకొనిన అంకె తప్పుగా వచ్చును. పైకొనకు దారము కట్టి గట్టిగా పట్టుకొనుడు. పశువునకు వెనుకగా గాక ప్రక్కగా నిలబడుడు. పశువుల పాకలో పగిలిపోవు పాదరసపు దానికన్న, కూతవేయు డిజిటల్ థర్మామీటరు మేలని నా అభిప్రాయము.

ఆరోగ్యముగల ఆవునకు 100.4 నుండి 102.8 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండును. గేదెకు సాధారణముగా కొంచెము తక్కువ. ఉదయము మేతకు తోలకముందే చూడవలెను. ఎండలో నడిచివచ్చిన గేదెకు రోగము లేకున్నను అంకె పెరుగును. దాని చర్మము నల్లనిది, స్వేదగ్రంథులు తక్కువ. చెరువులో పొరలివచ్చినచో తగ్గును. పశువు బాగున్న రోజులలోనే నాలుగుమార్లు చూచి వ్రాసికొనిన రైతుకు, జబ్బునాటి అంకె అర్థమగును.

తోక అడుగుప్రక్కన, మొదలుకు నాలుగంగుళముల దిగువ, నడిమి గాడిలో వ్రేళ్లతో మెల్లగా అదిమిన నాడి తగులును. పెద్ద ఆవునకు నిముషమునకు సుమారు 50 నుండి 80. డొక్క కదలికను బట్టి ఊపిరి లెక్కింపుడు. విశ్రాంతిలో 15 నుండి 30. ఎడమడొక్కపై పిడికిలి ఆనించినచో పెద్దపొట్ట రెండు నిముషములకు రెండు మూడు మార్లు కదలుట తెలియును.

ఇక పాలజ్వరము. ఈ పేరే మోసము. బాగుగా పాలిచ్చు పశువు ఈనిన మూడు దినములలోపున కూలబడి, మెడ డొక్కవైపు త్రిప్పి పడుకొనును. జ్వరముండదు, వేడిమి సాధారణముకన్న తగ్గును, చెవులు చల్లబడును, నాడి బలహీనపడును. రక్తములో కాల్షియము పడిపోవుటయే కారణము. జ్వరపు మాత్రలు ఇచ్చుచు కూర్చున్నచో కొన్ని గంటలలో పశువు చేజారును. గొట్టముతో కషాయము పోయుట మరింత ప్రమాదము. మ్రింగుశక్తి తగ్గియుండుటచే అది ఊపిరితిత్తులలోనికి పోవును. పశువైద్యుడు కాల్షియమును నరములోనికి నెమ్మదిగా ఎక్కించిన, పడిన పశువు తరచు కొద్దిసేపటిలోనే లేచును.

గొంతువాపు ఇందుకు విరుద్ధము. వానకాలమున గేదెకు 104 నుండి 107 వరకు జ్వరము, గురకతో కూడిన ఊపిరి, గొంతుక్రింద వాపు కనిపించినచో ఉదయము వరకు ఆగరాదు. అంత జ్వరము చికిత్స లేకయే సాధారణముకన్న దిగువకు పడిపోయి పశువు నీరసించినచో, తగ్గినదని సంతసింపరాదు. ప్రాణము మీదికి వచ్చినదని గ్రహింపుడు.

పశువైద్యశాలకు గాని, సంచార పశువైద్యమునకు 1962 నంబరుకు గాని ఫోను చేయునప్పుడు "బాగులేదు" అనుటకు బదులు వేడిమి, నాడి, ఊపిరి అంకెలు, చూచిన వేళ, ఈని ఎన్ని గంటలైనదియు చెప్పుడు. పని ముగిసిన పిదప థర్మామీటరును చన్నీటితో, సబ్బుతో కడుగుడు. పాదరసపుది వేడినీటిలో పగులును.