మరుభూమిలో చల్లని ఇల్లు

అన్నవస్త్రముల తరువాత మానవునికి కావలసినది గృహము. అయితే గృహము ఎందుకని ప్రశ్నించినచో దేశమును బట్టి సమాధానము మారును. వాన దేశములో కప్పు ప్రధానము, మంచు దేశములో పొయ్యి ప్రధానము, ఎండ దేశములో నీడ ప్రధానము. ఆ నీడను మట్టితో కట్టి, అందులోనికి గాలిని, నీటి చల్లదనమును రప్పించిన నేర్పు ఇరాను, ఈజిప్టు దేశముల ఎడారి ప్రాంతములలో నేటికిని కాననగును. విద్యుచ్ఛక్తి లేని కాలమున వారు సాధించినదేమో తెలిసికొనుట, వేసవి కరెంటు బిల్లు చూచి గుండె పట్టుకొను మనకు వ్యర్థము కాదు.

ఇరాను నడిబొడ్డున, దష్తె కవీర్, దష్తె లూత్ అను రెండు మహా ఎడారుల నడుమ యజ్ద్ నగరమున్నది. అక్కడ ఏడాది పొడుగునా కురియు వాన సుమారు 60 మిల్లీమీటర్లు. కరవుకు పేరు మోసిన మన అనంతపురమున కూడ 500 మిల్లీమీటర్లకు పైగా కురియును గదా! ఈ నగరపు పాతపేటను 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. దూరమునుండి చూచువారికి ఇండ్ల కప్పులపై లేచిన మట్టి గోపురములు మొట్టమొదట కంటబడును. వీనికి బాద్‌గీర్ అని పేరు. ఉర్దూ చదివిన విద్యార్థికి ఈ మాట వివరింప పనిలేదు. బాద్ అనగా గాలి, గీర్ అనగా పట్టునది.

గోపురము లోపల ఇటుక పలకలతో నిలువుగా అరలు చేసియుందురు. గాలి ఏ దిక్కునుండి వీచినను ఆ వైపు అర దానిని పట్టి క్రిందికి దింపును. ఎదుటి వైపు అర గదిలోని వేడి గాలిని పైకి లాగివేయును. గాలి పూర్తిగా స్తంభించిన దినమున సైతము దీని పని ఆగదు. ఎండకు గోపురము వేడెక్కగా, లోపలి గాలి తేలికయై పైకి పోవును, దాని స్థానమున నీడగల ముంగిలినుండి చల్లని గాలి గదిలోనికి వచ్చును. యజ్ద్‌లోని దౌలతాబాద్ ఉద్యానవనపు బాద్‌గీర్ ఎత్తు సుమారు 33 మీటర్లు, అనగా మన పదంతస్తుల మేడంత. దిగివచ్చు గాలి క్రింద నున్న నీటి కొలనుపై ప్రసరించి చల్లబడును. మన కూజాలో నీరు చల్లబడుటకు కారణమేదో దీనికిని అదియే. నీరు ఆవిరియగుటకు వేడి కావలెను, ఆ వేడిని అది గాలినుండియే తీసికొనును. ఇంతకు ఆ ఎడారిలో నీరెక్కడిది? కొండల దాపున భూగర్భజలమును త్రవ్వి, సొరంగముల గుండ మైళ్ళకొలది నడిపించుకొని వచ్చిన ‘కనాత్’లదే ఆ నీరు.

ప్రసంగవశమున ఒక మాట. సింధులోని హైదరాబాదులో (మన హైదరాబాదు కాదు) కూడ పూర్వము ఇండ్లపై ఇట్టివే గాలిగూండ్లు ఉండెడివి. పాత ఛాయాచిత్రములలో అవన్నియు ఒకే దిక్కునకు ముఖము త్రిప్పి నిలిచియుండును. అక్కడ వేసవి గాలి నైరృతి నుండియే వీచును, నాలుగు ముఖములతో వారికి పని లేదు.

బాద్‌గీర్ కంటె నాకు ఆశ్చర్యము గొలుపునది ఆ ఇంటి కాపురము. ముంగిలికి దక్షిణమున ఉత్తరాభిముఖముగా వేసవి గదులు, ఉత్తరమున దక్షిణాభిముఖముగా చలికాలపు గదులు. ఋతువు మారగానే కుటుంబమంతయు సామానుతో ముంగిలి దాటి ఎదుటి వైపునకు తరలిపోవును. మధ్యాహ్నము నేలమాళిగ, రాత్రి డాబాపైన పడక. మనము గదిని మన ఇష్టమునకు మార్చుకొనజూతుము, వారు గదినే మారిరి.

ఇక మట్టిగోడ సంగతి. గోడకు తగిలిన ఎండ వెంటనే లోపలికి రాదు. అడుగున్నర మందముగల మట్టిగోడను దాటుటకు పది పన్నెండు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు పైన పట్టును. పగటి వేడి లోపలికి చేరు వేళకు బయట ఎడారి రాత్రి చల్లబడియుండును. ఈ విషయమును ప్రయోగపూర్వకముగా చూపిన వారు ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతహీ (1900–1989). 1964లో కైరోలోని భవన పరిశోధన కేంద్రమున మట్టి ఇటుకల గదిని, కాంక్రీటు పలకల గదిని ప్రక్కప్రక్కన కట్టి పరీక్షించినారు. మట్టి గదిలో రాత్రింబగళ్ళు ఉష్ణోగ్రత 21, 23 డిగ్రీల నడుమనే నిలిచినది. కాంక్రీటు గదిలో 36 డిగ్రీలకు పోయినది, ఆ వేళ బయటి గాలికంటె 9 డిగ్రీలు అధికము!

రెండవ ప్రపంచ యుద్ధకాలమున కలప, ఉక్కు దొరకనపుడు ఫతహీ అస్వాన్ ప్రాంతపు నూబియా మేస్త్రీలను ఆశ్రయించినారు. వారు క్రింద చెక్క ఊత లేకుండ, ఇటుకలను వెనుక గోడపైకి కొంచెము వాల్చి, వరుసపై వరుసగా అతికించి కమాను కప్పు వేయుదురు. ఆ పద్ధతిలోనే ఆయన లక్సర్ ఎదుట కొత్త గుర్నా గ్రామమును 1945లో తలపెట్టినారు. కాని ఫరోల కాలపు సమాధులపై కాపురమున్న పాత గుర్నా ప్రజలు కదలి రాలేదు. వారి జీవనము ఆ సమాధులతోనే ముడిపడియుండెను. గుమ్మటమన్నచో వారికి గోరీయే తోచినదని కూడ చెప్పుదురు. గ్రామము సగములోనే నిలిచిపోయినది. చల్లని ఇల్లు కట్టుట వేరు, అందులో నుండువాని మనస్సు నెరుగుట వేరు.

మట్టిని పొగడుటలోను మితము ఉండవలెను. 2003 డిసెంబరు 26న ఇరానులోని బామ్ పట్టణమున భూకంపము వచ్చినపుడు బరువైన మట్టి కప్పులు కూలి వేలాదిమంది నిద్రలోనే కన్నుమూసిరి. ఇరువది ఐదు వేలకు మించి ప్రాణములు పోయినవి. భూమి కంపించు చోట ఈ గోడలకు లోపల ఆధారము కల్పింపక తప్పదు.

మన ప్రాంతమునకు ఇందులో పనికివచ్చునదెంత? నీటితో గాలిని చల్లబరచుట పొడి గాలిలోనే సాధ్యము. ఏప్రిల్, మే నెలలలో హైదరాబాదున కూలరు సుఖమిచ్చుటకు, మచిలీపట్నమున చెమ్మను మాత్రమే పెంచుటకు కారణమిదియే. గోడ మందము, ముంగిలి నీడ మాత్రము మనకును తెలిసినవే. రాయలసీమలో మిద్దె అన్నచో దూలములపై మట్టి పరచి, చౌడు కప్పిన ఇల్లు. ఆ చౌడు వాన నీటిని దిగనీయదు, మందమైన మట్టి ఎండను దిగనీయదు. అయిదంగుళముల స్లాబు అట్లు కాదు. పగలంతయు త్రాగిన వేడిని సరిగా మనము పడుకొను వేళకు గదిలోనికి విడుచును. స్లాబుపై వేసవికి ముందే తెల్ల సున్నము పూసినచో ఎండలో చాల భాగము వచ్చిన దారినే పోవును. దాని ఖర్చు ఒక బస్తా సున్నము, ఒక దినపు కూలి. మట్టి మిద్దెకైతే ఏటేట వానకు ముందు చౌడు తెచ్చి పరచవలెను, ఆ పని ఎరిగినవారు ఇప్పుడు ఊరికొకరు దొరకుటయు కష్టమే.