సర్కారు కొనుగోళ్ళు - సంతకం విలువ

హాస్టల్‌లో మనం కప్పుకునే దుప్పటి, అన్నం తినే ప్లేటు, రాసుకునే నోటుబుక్కు అన్నీ ప్రభుత్వం కొని ఇచ్చినవే. ఆ డబ్బు ప్రజలది. మెట్‌పల్లి అంగడిలో సబ్బుబిళ్ళ కొన్న కూలీ కట్టిన పన్ను కూడా అందులో ఉన్నది. కావున ప్రభుత్వం ఒక వస్తువును ఎలా కొంటుందో, తప్పు ఎక్కడ జరుగుతుందో మనం తెలుసుకోవాలి.

ముందుగా ఏ వస్తువు ఎంత కావాలో ఇండెంటు తయారుచేస్తారు. నాణ్యత ఎలా ఉండాలో రాసి టెండరు పిలుస్తారు. షరతులకు ఒప్పుకొని తక్కువ ధర వేసినవారికి ఆర్డరు ఇస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే కంప్యూటర్ ద్వారా టెండర్లు వేసే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. దానివల్ల టెండరు ఫారాలు దొరకకుండా చేయడం, పోటీదారులను బెదిరించడం వంటివి కష్టమైనాయి.

కాని కంప్యూటర్ దుప్పటి మందం చూడలేదు, బియ్యం తూచలేదు. వచ్చిన సరుకును నమూనాతో పోల్చి, లెక్కపెట్టి, స్టాకు రిజిస్టరులో రాసి అధికారి సంతకం చేయాలి. ఆ సంతకం ఆధారంగానే బిల్లు పాసవుతుంది. చూడకుండా పెట్టిన సంతకంతో ఎంత మంచి టెండరైనా వృథాయే.

మన పక్కనే ఉన్న సిరిసిల్లతో ముడిపడిన ఉదాహరణ చూద్దాం. 2017లో తెలంగాణ ప్రభుత్వం దాదాపు కోటి మంది మహిళలకు బతుకమ్మ చీరలు పంచింది. ఖర్చు 222 కోట్ల రూపాయలు. సిరిసిల్ల మరమగ్గాలకు సమయం చాలదని దాదాపు సగం చీరలు టెండరు ద్వారా సూరత్ నుండి తెప్పించారు. చీరలు నాసిరకంగా ఉన్నాయని చాలాచోట్ల మహిళలు నిరసన తెలిపారు, కొన్నిచోట్ల తగులబెట్టారు. 2018 నుండి ఆర్డరు సిరిసిల్లకు ఇచ్చారు. పండుగ తేదీ క్యాలెండరులో ముందే ఉంటుంది. ఆర్డరు ఆలస్యమైతే నాణ్యత చూసే తీరిక ఉండదని ఈ సంగతి చెబుతుంది.

మరో వైపు కూడా చూడాలి. 2024లో ఆ చీరల పాత బకాయిల కోసం సిరిసిల్ల నేతన్నలు ఆందోళన చేయవలసి వచ్చింది. చిన్న పరిశ్రమల సరుకుకు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి కేంద్ర చట్టం చెబుతున్నది. నాసిరకం సరుకుకు బిల్లు పాస్ చేయడం ఎంత తప్పో, పని చేసినవారి బిల్లు ఆపడం అంతే తప్పు.

లంచం తీసుకుంటేనే నేరమని, లేకుంటే ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. లంచం కేసులు ఏ.సి.బి. చూస్తుంది. లంచం లేకున్నా విధుల్లో నిర్లక్ష్యం చేస్తే శాఖాపరమైన చర్య ఉంటుంది. 1991 నాటి సి.సి.ఎ. నియమాల ప్రకారం మందలించవచ్చు, ఇంక్రిమెంటు ఆపవచ్చు, నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టాన్ని జీతం నుండి రాబట్టవచ్చు. విచారణ జరిపి ఉద్యోగం నుండి తొలగించే అధికారం కూడా ఉన్నది. నిధుల ఖర్చును 'కాగ్' తనిఖీ చేస్తుంది. ఐతే ఆడిట్ వచ్చేసరికి దుప్పటి చిరిగిపోయి ఉంటుంది!

అందుకే సరుకు వచ్చిన రోజే అడగాలి. సమాచార హక్కు చట్టం, 2005 మనకు ఆ దారి ఇచ్చింది. కాగితాల నకళ్ళే కాక, రిజిస్టర్లు స్వయంగా చూసే హక్కు, వస్తువు యొక్క ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము గ్రామస్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పై కార్యాలయాలలో 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి పూర్తిగా ఉచితం. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి సమాచార కమిషన్ రోజుకు 250 చొప్పున, 25,000 రూపాయల వరకు జరిమానా వేస్తుంది.

అడగవలసినవి నాలుగే: ఆర్డరులో ఏ నాణ్యత రాశారు? ఎంత ధర? ఎన్ని వచ్చాయి? చూసి సంతకం చేసినది ఎవరు?

మిత్రులారా! మనలో రేపు టీచర్లు, వార్డెన్లు, ఇంజనీర్లు, గెజిటెడ్ అధికారులు అయ్యేవారున్నారు. పూర్వ విద్యార్థులలో ఇప్పటికే అయినవారూ ఉన్నారు. మన ముందుకు స్టాకు రిజిస్టరు వచ్చిన రోజు మూట విప్పి చూసి సంతకం చేద్దాం. ఆ మూటలోని దుప్పటి చలిలో ఏ తమ్ముడు కప్పుకుంటాడో మనకంటే బాగా ఎవరికి తెలుసు?