సన్‌స్క్రీన్ లేపనాలు

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల నుండి చర్మాన్ని కాపాడుటకు పూసుకొను లేపనాన్ని సన్‌స్క్రీన్ అంటారు. కిరణాలను అడ్డగించే పదార్థాన్ని బట్టి ఇవి ముఖ్యంగా రెండు రకాలు.

ఖనిజ లేపనాలు

వీటిలో జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ సూక్ష్మ రేణువులు ఉంటాయి. ఇవి కిరణాలను అద్దం వలె వెనుకకు పంపుతాయని చెప్పుట పరిపాటి. కాని వీటి రక్షణలో అధిక భాగం కిరణాలను శోషించుకొనుట వలననే లభిస్తుంది. ఇవి సున్నితమైన చర్మానికి అనుకూలం. చామనఛాయ చర్మంపై తెల్లగా కనబడుట వీటి లోపం.

కృత్రిమ లేపనాలు

వీటిలో అవోబెంజోన్, ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ వంటి కర్బన సమ్మేళనాలు ఉంటాయి. ఇవి చర్మంపై కనబడవు. కొందరికి కంటిమంట, దురద కలిగించవచ్చు. వీటిలో కొన్ని రక్తంలోనికి చేరుతాయని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2019, 2020 పరిశోధనలలో తేలింది. అయితే రక్తంలో చేరినంత మాత్రాన హాని నిరూపితమైనట్లు కాదు. పగడపు దిబ్బల రక్షణకై హవాయి రాష్ట్రం 2021 జనవరి 1 నుండి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ గల లేపనాల అమ్మకాన్ని, వైద్యుని చీటీ ఉన్న సందర్భాలలో తప్ప, నిషేధించింది.

ఎంపిక

మంగు మచ్చలు గలవారికి ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు లేపనం మేలు. అది కంటికి కనిపించే కాంతిని కూడా కొంత అడ్డుకొంటుంది. ఆరు నెలల లోపు శిశువులను లేపనంపై ఆధారపడక నీడలో ఉంచవలెను.

ఎస్.పి.ఎఫ్. విలువను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల పూతపై కొలుస్తారు. కనుక తెల్లదనానికి వెరచి పలుచగా రాసిన ఖనిజ లేపనం కన్నా, అదే ఎస్.పి.ఎఫ్. గల కృత్రిమ లేపనాన్ని తగినంత పూసి, ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి తిరిగి రాసుకొనుట మేలు.