వేయిస్తే అన్నీ నల్లబడతాయి కదా, కాఫీ గింజల్ని రంగు చూసి ఏరడం ఎందుకు?

ఏడో తరగతి పాప అడిగిన ప్రశ్న ఇది. చిన్న కాఫీ రోస్టరీలో ఒక యంత్రం గింజల్ని రంగు చూసి వేరు చేస్తుందని వినగానే తనకు ఈ అనుమానం వచ్చింది. నిజంగా అనుమానించాల్సిన చోటే అనుమానించింది.

వేయించడం గింజ రంగును దాచగలదు గానీ రుచిని దాచలేదు. వేయించిన పల్లీలు గుప్పెడు నోట్లో వేసుకున్నప్పుడు ఒక్క పుచ్చు గింజ తగిలినా నోరంతా చేదవుతుంది. పల్లీ అయితే ఉమ్మేయొచ్చు. కాఫీని పొడి చేసేస్తారు కాబట్టి ఆ వీలూ లేదు. కప్పుకు 15 గ్రాముల పొడి వాడితే అందులోకి పోయేవి వంద పైచిలుకు గింజలే. వాటిలో ఒక్కటి పులిసినా నాలుకకు తెలిసిపోవచ్చు.

గింజ ఎందుకు పాడవుతుంది? కోసిన పండ్లు కుప్పగా ఎక్కువసేపు పడి ఉన్నా, తొట్టిలో నానే సమయం మించినా లోపలి గింజ పులిసి గోధుమ రంగుకు తిరుగుతుంది. నేల రాలి కుళ్లిన పండులోది నల్లబడుతుంది. పురుగు తొలిచినదానికి సన్నటి రంధ్రాలుంటాయి. మంచి పచ్చిగింజ లేత ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉంటుంది కనుక వేయించకముందైతే ఈ తేడాలన్నీ కంటికి ఆనతాయి. మన దేశంలో కాఫీ శుద్ధి చేసే క్యూరింగ్ కేంద్రాల్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని ఇలాంటివాటిని చేత్తో ఏరేవారు. ఆ పనిని గార్బ్లింగ్ అంటారు. ఏరినవాటినీ పారబోయరు, ‘బీబీబీ’ గ్రేడు కింద తక్కువ ధరకు అమ్ముతారు.

కిలో పచ్చిగింజలంటే దాదాపు ఆరేడు వేల గింజలు. అన్నిటినీ చూడాలంటే కళ్లు అలసిపోతాయి. అందుకే యంత్రం. బియ్యం బస్తా మీద ‘సార్టెక్స్’ అన్న మాట చూసే ఉంటారు. రైసు మిల్లులో నల్ల గింజ రాకుండా చూసే ఆ యంత్రమూ ఇదీ ఒకే జాతివి. అదిరే పళ్లెం మీంచి గింజలు ఏటవాలు జారుడుబల్ల మీదకు ఒకే పొరగా వస్తాయి. అంచు దాటి పడేటప్పుడు దీపాల వెలుగులో కెమెరాలు ముందూ వెనకా చూస్తాయి. రంగు తేడా కనబడితే, కింద సన్నటి గొట్టంలోంచి గాలి ‘తుస్సు’మని కొట్టి ఆ గింజను పక్క డబ్బాలోకి నెడుతుంది. గింజ సెకనుకు 3 మీటర్ల వేగంతో పడుతోందనుకుందాం. కెమెరాకూ గొట్టానికీ 10 సెంటీమీటర్ల ఎడముంటే యంత్రానికి దొరికే సమయం సెకనులో ముప్ఫయ్యో వంతు.

అంత తొందరలో పక్కనున్న మంచి గింజా ఎగిరిపోతుంది. గురి మరీ గట్టిగా పెడితే మంచి సరుకు పోతుంది, వదులు చేస్తే చెడ్డది మిగులుతుంది. మిల్లుకు ఇది పెద్ద లెక్క కాదు. విడతకు ఐదో పదో కిలోలు వేయించే చిన్న రోస్టరీకి మాత్రం ప్రతి గుప్పెడూ డబ్బే. ఏరిన డబ్బాను మరోసారి యంత్రంలో పోయడం, చివరికి చేత్తో చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

రంగు తేడా పచ్చిగింజలోనే తెలిసిపోతే క్యూరింగ్ కేంద్రంలో ఏరించిన సరుకు కొంటే చాలుగా, రోస్టరీలో యంత్రమెందుకు? పాప ప్రశ్నకు రెండో సగం జవాబు ఇక్కడుంది. తాలు గింజలని ఒక రకం ఉంటాయి, కాఫీవాళ్లు క్వేకర్లంటారు. పూర్తిగా పండని కాయలోంచి వచ్చినవి. పచ్చిగా ఉన్నప్పుడు మంచివాటిలో కలిసిపోతాయి. వేడికి గింజ గోధుమ రంగు తిరిగేది ప్రధానంగా అందులోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి మారడం వల్ల. తాలుగింజలో చక్కెరలు తక్కువ, అందుకే అన్నీ నల్లబడుతుంటే అది పాలిపోయి నిలుస్తుంది. కాఫీలో కలిస్తే కాగితం నమిలినట్టు చప్పటి రుచి. అంటే వేయించడం కొన్ని లోపాల్ని దాస్తే, దీన్ని మాత్రం బయటపెడుతుంది. చిన్న రోస్టరీలు వేయించిన తర్వాత కూడా ఏరేది ఇందుకే. అరకు వైపు మంచి ధర ఇచ్చి కొనేవాళ్లు ఎర్రగా పండిన కాయే కోయమని పట్టుబట్టేదీ ఇందుకే. మరీ ముదురుగా వేయిస్తే తాలుకూ మంచిదానికీ రంగు తేడా తగ్గి, కెమెరా తడబడుతుంది.

గింజ రంగులోనే ఉన్న రాయి సంగతి? దానికి వేరే యంత్రం. వేయించిన గింజ ఉబ్బి తేలికవుతుంది కాబట్టి కింది నుంచి గాలి లాగితే గింజ పైకి లేస్తుంది, రాయి అడుగున ఉండిపోతుంది.