కక్ష్యలో లయ తప్పిన స్ఫటికం

సముద్రమట్టం ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోందని చెప్పేవి ఉపగ్రహాలే. నీటి ఉపరితలం ఎంత దూరంలో ఉందో రాడార్ కొలుస్తుంది. ఆ క్షణాన ఉపగ్రహమే ఏ ఎత్తులో ఉందో సెంటీమీటర్ల కచ్చితత్వంతో తెలియకపోతే ఆ కొలతకు విలువే లేదు.

ఆ ఎత్తు తేల్చడానికి ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ సీఎన్ఈఎస్ ‘డోరిస్’ పద్ధతిని రూపొందించింది. ప్రపంచమంతటా యాభై, అరవై చోట్ల నెలకొల్పిన బీకన్లు 2036.25, 401.25 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాల్లో సంకేతాలు పంపుతుంటాయి. కూత పెడుతూ వచ్చిన రైలు మనల్ని దాటగానే కూత స్థాయి దిగుతుంది కదా, ఉపగ్రహానికీ ఆ సంకేతాలు అలాగే మారుతూ అందుతాయి. మార్పును బట్టి వేగం, వేగాన్ని బట్టి కక్ష్య తెలుస్తాయి. అయితే మార్పును పోల్చుకోవడానికి ఉపగ్రహంలో తాను మారనిది ఒకటి ఉండాలి. అదే క్వార్ట్జ్ స్ఫటికం.

క్వార్ట్జ్‌ను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే అది కంపిస్తుంది కూడా. చేతి గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అది రోజుకో సెకను తప్పినా మనకు నష్టం లేదు. ఉపగ్రహంలో మాత్రం లక్ష కోట్లలో ఒక వంతు తేడా వచ్చినా వేగం లెక్క సెకనుకు 0.3 మిల్లీమీటర్లు తప్పుతుంది.

అంత నిలకడ రాయికి పుట్టుకతో రాదు. వేడి మారినా కంపనం పెద్దగా చలించని కోణం చూసి స్ఫటికాన్ని కోస్తారు. చిన్న ఓవెన్‌లో పెట్టి, వేడి ఒకే తీరున ఉండేలా కాపాడతారు. ఉపరితలం మీద పరమాణువుల పొర ఒక్కటి చేరినా లయ మారుతుంది కాబట్టి శూన్యంలో సీలు వేస్తారు.

వీటన్నిటికన్నా మొండిది రేడియేషన్. ఎంత శుద్ధమైన క్వార్ట్జ్‌లోనైనా కొద్దిపాటి అల్యూమినియం, దాని పక్కనే లిథియం, సోడియం అయాన్లు ఉంటాయి. రేడియేషన్ తగిలితే ఆ అయాన్లు చోటు మారతాయి, దాంతో పౌనఃపున్యం జరుగుతుంది. అందుకే స్ఫటికాన్ని బాగా వేడిచేసి, విద్యుత్ క్షేత్రంలో ఉంచి వాటిని ముందే బయటికి లాగేస్తారు. ఎంత లాగినా కొంత మిగులుతుంది.

సముద్రమట్టం కొలవడానికి 2001 డిసెంబరులో ఎగిరిన ఉపగ్రహం జేసన్-1కు వచ్చిన కష్టం ఇదే. దక్షిణ అమెరికా, దక్షిణ అట్లాంటిక్ మీద భూమి అయస్కాంత క్షేత్రం బలహీనం. అక్కడ భూమి చుట్టూ ఉండే రేడియేషన్ పట్టీ కిందికి దిగుతుంది. 1,336 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జేసన్-1 అటు వెళ్లినప్పుడల్లా స్ఫటికం లయ జరిగేది. దాని లెక్కల్లో ఆ ప్రాంతపు బీకన్లే చోటు మారినట్టు కనిపించాయి! నేల కదల్లేదు, కొలబద్దే కదిలింది. స్ఫటికం ఎంత రేడియేషన్ తింటోంది, ఎంత వేగంగా కోలుకుంటోంది అని లెక్కగట్టిన సవరణ నమూనా 2006లో వెలువడింది. పాడైన కొలతను పారేయకుండా, పాడైన తీరునే అర్థం చేసుకుని బాగుచేసిన ఈ పని నా దృష్టిలో కొత్త పరికరం కట్టడంకన్నా తక్కువది కాదు.

2008లో వెళ్లిన జేసన్-2లో ఈ ప్రభావం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదని అందులోని లేజర్ పరికరం టీ2ఎల్2 చూపించింది. ఇస్రో, సీఎన్ఈఎస్ కలిసి 2013 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచి పంపిన సరళ్ ఉపగ్రహంలోనూ డోరిస్ ఉంది.