నామినల్ రోల్స్ లేని పదో తరగతి

తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి చదివినవారికి ఒక రోజు బాగా గుర్తుండాలి. పబ్లిక్ పరీక్షలకు నామినల్ రోల్స్ నింపే రోజది. క్లాస్ టీచర్ బల్ల మీద పెద్ద పెద్ద కాగితాలు పరుచుకుని ఒక్కొక్కరినీ పిలుస్తారు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు, మాతృభాష, కులం. పుట్టుమచ్చల దగ్గర తరగతంతా నవ్వుతుంది. కులం దగ్గర నవ్వు ఆగిపోతుంది. కొందరు గట్టిగా చెబుతారు, కొందరు బల్ల దగ్గరికి వెళ్లి టీచర్ చెవిలో చెబుతారు. చెవిలో చెప్పినవాళ్లెవరో తరగతి అంతటికీ తెలిసిపోతుంది కనుక ఆ గుసగుస వల్ల దాగేదేమీ ఉండదు.

నేను పదో తరగతి చదివింది 1996 ప్రాంతంలో, ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. ఊరు పేరు ఇక్కడ అవసరం లేదు. నా బెంచీ మీద నా పక్కన కూర్చునే స్నేహితుడి ఇంట్లో కలర్ టీవీ ఉండేది. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి చూడడానికి వాళ్లింటికి వెళ్లేవాణ్ని, ముందు గదిలో చాప మీద కూర్చునేవాణ్ని. నామినల్ రోల్స్ నింపిన వారంలో కూడా వెళ్లాను. వాళ్ల నాయనమ్మ నన్ను కోప్పడలేదు, ఒక్క మాట కూడా అనలేదు. చాప తీసి వసారాలో వేసింది, అంతే. కిటికీ ఊచల మధ్య నుంచి పాటలు బాగానే కనిపించాయి. నా స్నేహితుడు లోపలి నుంచి ఒకసారి నావైపు చూసి మళ్లీ టీవీ వైపు తిరిగాడు. ఆ తర్వాత నేను వెళ్లలేదు, వాడూ పిలవలేదు. బెంచీ మీద మాత్రం మార్చి దాకా పక్కపక్కనే కూర్చున్నాం.

బడి జీవితం మీద వచ్చే సీరియళ్లు, వెబ్ సిరీస్‌లు నేను ఇష్టంగానే చూస్తాను. నేను పాఠం చెప్పే పిల్లలు వాటి గురించే మాట్లాడుకుంటారు కనుక చూడక తప్పదు కూడా. అయితే ఎన్ని చూసినా, పదో తరగతి పిల్లల కథల్లో నామినల్ రోల్స్ నింపే రోజు మాత్రం నాకు తారసపడలేదు. మొదటి ప్రేమ ఉంటుంది, ప్రోగ్రెస్ కార్డు మీద దొంగ సంతకం ఉంటుంది, లెక్కల మాస్టారి బెత్తం ఉంటుంది. ఆ ఒక్క రోజే ఉండదు.

2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90's - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' సంగతే తీసుకుందాం. ఆదిత్య హాసన్ దర్శకత్వం వహించిన ఈ సిరీస్ వనపర్తిలోని ఒక ఉపాధ్యాయుడి కుటుంబం కథ. శివాజీ పోషించిన చంద్రశేఖర్ లెక్కల మాస్టారు. పెద్ద కొడుకు రఘు పదో తరగతి. ఇంట్లో పైసా పైసా లెక్క, పొద్దున్నే ఉప్మా, మార్కుల భయం. నవ్వుకున్నాను, రెండు మూడు చోట్ల కళ్లు చెమర్చాయి కూడా. తెలంగాణ చిన్న పట్టణపు యాసను, ఇంటి వాతావరణాన్ని అంత చనువుగా చూపినందుకు ఆ దర్శకుణ్ని మెచ్చుకోవాల్సిందే. నా విమర్శ ఆ మెప్పును వెనక్కి తీసుకునేది కాదు.

అయితే ఆ కథలో ఒక చిన్న విషయం ఉంది. తండ్రి పాఠాలు చెప్పేది ప్రభుత్వ బడిలో. పిల్లలు చదివేది ప్రైవేటు బడిలో. ఇది కల్పన కాదు, తొంభైల నాటి చరిత్ర. పట్టణం పట్టణానా కాన్వెంట్లు పుట్టుకొచ్చిన ఆ దశాబ్దంలో ప్రభుత్వ ఉపాధ్యాయులే మొదట తమ పిల్లల్ని అక్కడ చేర్చారు. ఫీజు కట్టగలిగినవారు ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోగా సర్కారు బడిలో మిగిలిందెవరు? మాల, మాదిగ, లంబాడా, చాకలి, మంగలి, వడ్డెర, చేనేత ఇళ్ల పిల్లలు. చంద్రశేఖర్ మాస్టారు రోజూ సుద్దముక్క పట్టుకుని నిలబడేది ఆ పిల్లల ముందే. కథకు కేంద్రం మాత్రం ఆ పిల్లలు కారు. కెమెరా ఆయన ఇంటి చుట్టూ, ఆయన పిల్లలు చదివే బడి చుట్టూ తిరుగుతుంది. వనపర్తి సర్కారు బడిలో అదే ఏడాది పదో తరగతి చదివిన పిల్లవాడికి బయోపిక్ లేదు.

'మిడిల్ క్లాస్' అన్న మాట చేసే పని ఇదే. అది జీతాన్ని చెబుతుంది, కులాన్ని చెప్పకుండా ఉండే వెసులుబాటునిస్తుంది. మన సీరియళ్లలో కులం పేరు చెప్పాల్సిన అవసరం లేని కుటుంబాన్నే మధ్యతరగతి కుటుంబం అంటారు. వాళ్ల వంటిల్లు, పూజగది, పిలుపులు, పెళ్లి సంబంధాల మాటలు అన్నీ కులం చెబుతూనే ఉంటాయి, పేరు మాత్రం బయటికి రాదు. హిందీ సీరియల్లో పేరు చివర తోక ఉంటుంది కనుక ప్రేక్షకుడికి వెంటనే తెలుస్తుంది. తెలుగులో ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని ఒక పొడి అక్షరంలోకి కుదించేయవచ్చు. అందుకే మనవాళ్లు 'మీ ఇంటిపేరేమిటి?' అని మొదలుపెట్టి, అది తేలకపోతే 'మీరేమిట్లు?' దాకా వస్తారు. బడిలో, హాస్టల్లో, అద్దె ఇంటి గుమ్మంలో ఈ ప్రశ్న ఎదురుకాని దళిత విద్యార్థి ఉండడు. తెర మీది టీనేజరుకు మాత్రం ఈ ప్రశ్న ఎదురుకాదు.

హిందీవాళ్లు తోక పెట్టి ఏం సాధించారో కూడా చూద్దాం. 2019లో యూట్యూబ్‌లో మొదలై తర్వాత నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లిన 'కోటా ఫ్యాక్టరీ'ని మన కార్పొరేట్ కాలేజీ పిల్లలు తమ కథగానే చూశారు. నలుపు తెలుపుల్లో తీసిన ఆ సిరీస్‌లో వైభవ్ పాండే, ఉదయ్ గుప్తా, బాల్‌ముకుంద్ మీనా ముగ్గురు స్నేహితులు. రాజస్థాన్‌లో మీనాలు షెడ్యూల్డ్ తెగ. ఐఐటీ సీటు కోసం కోటాకు వచ్చిన ఏ కుర్రాడికైనా ఆ పేరు వినగానే తట్టేది రిజర్వేషన్. కోచింగ్ హాస్టళ్లలో అర్ధరాత్రి వాదనల్లో సగం దాని మీదే నడుస్తాయి. మా విద్యార్థులూ ఆ వాదనల గాయాలతోనే విశ్వవిద్యాలయానికి వస్తారు. సిరీస్ ఆ పేరైతే పెట్టింది కానీ ఆ పేరు మోసే బరువును కథకు ఇరుసుగా చేసుకోలేదు. అందులో ప్రధాన శత్రువు సిలబస్. అందరికీ ఒకటే సిలబస్, అందరిదీ ఒకటే ఒత్తిడి. 'మెరిట్' అన్న భావనను ఇంతకన్నా ముచ్చటగా సమర్థించడం కష్టం.

2023 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'క్లాస్' ఈ విషయంలో ధైర్యం చేసింది. స్పానిష్ సిరీస్ 'ఎలీట్'కు అది భారతీయ రూపం, దర్శకుడు ఆషిమ్ అహ్లువాలియా. ఢిల్లీలో శ్రీమంతుల బడిలోకి ముగ్గురు పేద పిల్లలు వస్తారు. వారిలో ధీరజ్ తన పేరు చివరి 'వాల్మీకి'ని దాచుకుని 'కుమార్'గా చెలామణి అవుతాడు. సబా కశ్మీరీ ముస్లిం. మూలంలోని తరగతి భేదానికి ఇక్కడ కులం, మతం చేర్చాలని తోచడమే గొప్ప. నా అభ్యంతరం మరొకటి. ఆ పిల్లలు ఆ బడి మెట్లెక్కేది ఒక బిల్డర్ దయతో వచ్చిన స్కాలర్‌షిప్పు మీద. విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 12(1)(సి) ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో నాలుగో వంతు సీట్లు బలహీన వర్గాలకూ ప్రతికూల పరిస్థితుల్లోని పిల్లలకూ ఇవ్వాలంటుంది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వాస్తవంలో హక్కుగా రావాల్సిన సీటు తెర మీద దయగా వస్తుంది. పైగా దళిత బాలుడు కథలోకి రావాలంటే శ్రీమంతుల బడికే రావాలన్నట్టు ఉంది. తన బస్తీ బడిలో, తన స్నేహితుల మధ్య ఉన్నప్పుడు అతని జీవితంలో కథేమీ లేదా?

ఈ అలవాటు మూలం అమెరికన్ టీనేజ్ సీరియల్లో ఉందని నా అనుమానం. 1990లో మొదలైన 'బెవర్లీ హిల్స్ 90210' తర్వాత అక్కడ హైస్కూలు కథ అంటే ఒక పటం సిద్ధమైంది. క్యాంటీన్లో ఒక బల్ల ఆటగాళ్లది, ఒకటి అందగత్తెలది, ఒకటి పుస్తకాల పురుగులది. మనకు 1998లో జీ టీవీ 'హిప్ హిప్ హుర్రే', 2004లో స్టార్ వన్ 'రీమిక్స్' వచ్చాయి. నిజానికి అమెరికా క్యాంటీన్లో బల్లల గురించి వేరే ప్రశ్న వేసిన పుస్తకం 1997లోనే వచ్చింది. నల్లజాతి పిల్లలంతా ఒకే బల్ల దగ్గర ఎందుకు కూర్చుంటున్నారన్నదే దాని పేరు. రాసింది మనస్తత్వవేత్త బెవర్లీ డేనియల్ టేటమ్. మనవాళ్లు బల్లలను తెచ్చుకున్నారు, ప్రశ్నను అక్కడే వదిలేశారు. ఆటగాడూ పుస్తకాల పురుగూ ఇష్టం వల్ల ఏర్పడే గుంపులు, రేపు మారిపోవచ్చు. పుట్టుకతో వచ్చే గుంపు అలా మారదు. మన బడుల్లో ఎవరు ఎవరి టిఫిన్ డబ్బాలో చెయ్యి పెడతారు, ఎవరి డబ్బా మూత తీయగానే ఎవరు లేచి వెళతారు అన్నదే అసలు పటం. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనం తినేందుకు పై కులాల పిల్లలు నిరాకరించడం దేశమంతా చూసింది. వాళ్లూ బడి పిల్లలే.

తమిళనాడు సంగతి మరీ స్పష్టం. అక్కడి కొన్ని జిల్లాల్లో విద్యార్థులు కులాన్ని బట్టి చేతికి రంగుల పట్టీలు కట్టుకుంటారు. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి మీద తోటి విద్యార్థులే ఇంటికి వచ్చి కత్తులతో దాడి చేశారు. అడ్డు వెళ్లిన చెల్లెలూ గాయపడింది. ఆ తర్వాత ప్రభుత్వం నియమించిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. 'జై భీమ్' సినిమా వల్ల ఆ న్యాయమూర్తి పేరు మనవాళ్లకూ తెలుసు. పట్టీలు, ఉంగరాలు, నుదుటి బొట్టు లాంటి కుల చిహ్నాలను బడిలో నిషేధించాలని, బడుల పేర్లలోని కులం మాటలు తీసేయాలని ఆయన సూచించారు. ఒక టీనేజ్ సిరీస్‌కు ఇంతకన్నా ఏం కావాలి? స్నేహం, ద్వేషం, ప్రమాదం అన్నీ ఆ చేతి పట్టీలో ఉన్నాయి. తమిళంలో ఈ బాధ్యతను సినిమా కొంత తలకెత్తుకుంది. మన టీవీ వైపు ఆ జాడ నేను చూడలేదు.

ఇక బడి ప్రేమల గురించి. '90's'లో రఘు ప్రేమ ముగ్ధమైనది, చూసి ముచ్చటపడతాం. దాని ముందు ఉన్న ప్రమాదం తండ్రికి తెలిస్తే పడే తిట్లు, రాలే మార్కులు. కానీ ఇదే తెలంగాణలో బడి రోజుల్లో మొదలైన ఒక పరిచయం ఎక్కడికి చేరిందో 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో చూశాం. పెరుమాళ్ల ప్రణయ్‌ను గర్భవతి అయిన భార్య పక్కన ఉండగానే ఆసుపత్రి ముందు నరికారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి జీవిత ఖైదు విధించింది. బడి ప్రేమ మన నేల మీద ఎవరికి హాస్యమో ఎవరికి ప్రాణాంతకమో నిర్ణయించేది రఘు ఇంట్లో వినబడని ఆ మాటే. ప్రతి ప్రేమకథా హత్యతో ముగియాలని నేననడం లేదు. పిల్లల ప్రేమలకు నవ్వుకునే హక్కుంది. ఆ నవ్వు అందరికీ ఒకే ధరకు దొరకదని తెలిసిన కథకుడు కావాలి.

ప్రవాసంలో ఏమైనా తేడా ఉందా అంటే పెద్దగా లేదు. 2020 నుంచి నాలుగు సీజన్లు నడిచిన 'నెవర్ హ్యావ్ ఐ ఎవర్'లో దేవి విశ్వకుమార్ కాలిఫోర్నియాలో పెరిగిన తమిళ ఇంటి పిల్ల. అమెరికాలోని మన తెలుగు పిల్లలు ఆమెలో తమను చూసుకున్నారు. గణేశ పూజ ఉంది, బంధువుల అమ్మాయికి పెద్దలు చూసిన సంబంధం ఉంది. ఆ సంబంధం ఏ లెక్కన చూశారో విప్పి చెప్పాల్సిన అవసరం కథకు రాలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించిందంటే ఆ లెక్క విమానమెక్కి వెళ్లిందనే కదా.

టీవీ వల్ల ఏమవుతుందిలే అనేవారికి ఒక్క ఉదాహరణ. 2025 మార్చిలో వచ్చిన బ్రిటిష్ సిరీస్ 'అడాలసెన్స్'లో పదమూడేళ్ల బాలుడు సహ విద్యార్థినిని చంపుతాడు. ఆన్‌లైన్‌లో అబ్బాయిలకు నూరిపోస్తున్న స్త్రీ ద్వేషం మీద ఆ దేశం నెలల తరబడి మాట్లాడుకుంది. ఉన్నత పాఠశాలల్లో దాన్ని ఉచితంగా చూపే ఏర్పాటు జరిగింది. తమ పిల్లల మనసులో ఏ విషం ఉందని అడగడానికి వాళ్లు సిగ్గుపడలేదు.

మన దగ్గర కథలకు కొదవ లేదు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల వ్యవస్థ నుంచి నేటి సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకులాల దాకా లక్షల మంది పిల్లలు ట్రంకు పెట్టెతో గేటు దాటి లోపలికి వెళ్లారు. వారిలో ఒకరైన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె మీద 2017లో హిందీలో సినిమా వచ్చింది. శిఖరం ఎక్కితే సినిమా వస్తుంది, సరే. ఎక్కనివాళ్ల రాత్రి స్టడీ అవరు, ఆదివారం కోడికూర, కాస్మెటిక్ చార్జీల కోసం చూసే ఎదురుచూపు, ఇంటికి ఫోన్ చేయడానికి కట్టే వరుస, డార్మిటరీలో పుట్టే జీవితకాలపు స్నేహాలు మాత్రం ఏ సీరియల్ రచయితకూ కథావస్తువుగా తోచలేదు.

గత ఏడాది మా ఎం.ఏ. తరగతిలో ఒక పని ఇచ్చాను. మీ బడి మీద సిరీస్ తీస్తే మొదటి ఎపిసోడ్‌లో ఏ సన్నివేశం ఉంటుందో రెండు పేజీల్లో రాయమన్నాను. సగానికి పైగా ప్రేమలు, కాపీ చీటీలు. ఒకమ్మాయి మాత్రం నామినల్ రోల్స్ రోజు రాసింది. నేను ఈ సంగతి తరగతిలో ఎన్నడూ చెప్పలేదు. ఆమె సన్నివేశంలో టీచర్ పుట్టుమచ్చలు అడుగుతుంది, అందరూ నవ్వుతారు. కులం అడుగుతుంది. ఆ పిల్ల వెనకబెంచీ దాకా వినబడేలా గట్టిగా చెబుతుంది. పక్కనున్న స్నేహితురాలు జరగదు, దగ్గరికీ రాదు, జామెట్రీ బాక్సు తెరిచి మూస్తుంది. తర్వాతి పేరు పిలుస్తారు. గంట కొడతారు, సోషల్ మాస్టారు లోపలికొస్తాడు. అక్కడితో పేజీ అయిపోయింది. మార్జిన్‌లో ఏం రాయాలో తోచక చాలాసేపు ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను.