మధుమేహము శరీరకణముల నెట్లు చెఱచును?

షోలాపురమునందలి మన తెలుగువారిలో “చక్కెర జబ్బు” అను మాట వినని యిల్లు లేదు. మగ్గముల సందడిలోను, బీడీలు చుట్టు తల్లుల ముచ్చటలలోను, పెండ్లి పంక్తులలోను ఆ మాట వినవచ్చుచునే యున్నది. కాని ఆ జబ్బు శరీరము లోపల ఏమి చేయుచున్నదో తెలిసినవారు తక్కువ. “నాకు నొప్పి లేదు, జ్వరము లేదు, మఱి మందెందుకు?” అని పలుకు పెద్దలను మేము తఱచుగా చూచుచున్నాము. నొప్పి లేకుండుటయే ఈ వ్యాధి చేయు పెద్ద మోసము. మేము వైద్యులము కాము. పిల్లలకు పాఠములు చెప్పుకొను వారము. అయినను చదివి తెలిసికొనినదానిని తెలుగున విడమఱచి చెప్పినచో, పిల్లల ద్వారా అది పెద్దలకు చేరునను నమ్మకముతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023 లో ప్రకటింపబడిన అధ్యయనము ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము గలదు. మఱి 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధి గడపలో నిలిచియున్నారు. ఇది ధనవంతుల జబ్బని తలచుట యిక పొసగదు.

పేరు, పూర్వచరిత్ర

మన పూర్వు లీ వ్యాధి నెఱుగుదురు. ప్రాచీన వైద్యగ్రంథములు ప్రమేహములను 20 విధములుగా విభజించి, వానిలో నొకదానికి మధుమేహమని పేరిడినవి. రోగి మూత్రమునకు చీమలు చేరునని చరకసంహిత చెప్పుచున్నది. కాని మూత్రము తీపెక్కుటకు మూలమెక్కడ నున్నదో చాలకాలము తెలియలేదు. 1869 లో లాంగర్‌హాన్స్ అను జర్మను విద్యార్థి, జీర్ణాశయము వెనుక నుండు క్లోమమునందు దీవులవలె నున్న కణసమూహములను గుర్తించెను. 1889 లో మేరింగ్, మింకోవ్‌స్కీ అను వైద్యులు ఒక కుక్కనుండి క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము కలిగినది. 1921 లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఆ దీవుల రసమును వేరుచేయగలిగిరి. అదియే ఇన్సులిన్. 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునికి దానిని తొలిసారి సూదిమందుగా నిచ్చిరి. అంతకుముందు ఆ వయస్సున నీ వ్యాధి వచ్చినచో మరణము తప్పెడిది కాదు.

రక్తమున నుండవలసిన చక్కెర యెంత?

మనము తిను అన్నము, జొన్నరొట్టె, పండు, బెల్లము, వీనిలోని పిండిపదార్థములు కడుపులో జీర్ణమై తుదకు చాలవఱకు గ్లూకోజు అను చక్కెరగా మాఱును. రక్తము దానిని కణకణమునకు మోసికొనిపోవును. కణములోపల మైటోకాండ్రియా యను పొయ్యిలో అది మండి శక్తి నిచ్చును. ఆ శక్తిని కణము ఏ.టి.పి. అను పదార్థరూపమున నిలువచేసికొని వాడుకొనును. 1895 లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కే అను ఆచార్యునితో గూడి అమెరికాలో 1929 లో ఈ పదార్థమును వెలికితీసినవారిలో నొకరని తెలిసికొన్నప్పుడు, పరభాషాప్రాంతమున పెరుగుచున్న మన పిల్లలకు సంతోషము కలుగకమానదు.

పెద్దవాని శరీరమున సుమారు 5 లీటర్ల రక్తముండును. పరగడుపున ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తములో 70 మొదలు 100 మిల్లీగ్రాముల వఱకు గ్లూకోజుండుట సహజము. లెక్క కట్టి చూడుడు: మొత్తము రక్తములో నున్న చక్కెర 5 గ్రాములకు మించదు, అనగా ఒక చిన్న చెంచాడు! పరీక్షలో 300 అని వచ్చినచో ఆ రక్తములో మూడు చెంచాల చక్కెర యున్నదన్నమాట. అదనముగా చేరినవి రెండు చెంచాలే. ఆ రెండు చెంచాలు ఏండ్ల తరబడి నిలిచియుండుటచే శరీరమంతయు క్రమముగా చెడును.

తలుపులు గల కణములు, లేని కణములు

కండరములందును క్రొవ్వునందును గల కణములు ఇన్సులిన్ వచ్చి తట్టిననే గాని గ్లూకోజును తగినంతగా లోనికి రానీయవు. క్లోమములోని ఇన్సులిన్ కణములు నశించినచో మొదటి రకపు మధుమేహము కలుగును. ఇది తఱచుగా పిన్న వయస్సున వచ్చును. ఇన్సులిన్ ఉన్నను కణములు దాని మాట సరిగా వినక, క్రమముగా అదియు చాలకపోయినచో రెండవ రకపు మధుమేహము కలుగును. మన పెద్దలలో నెక్కువగా కనబడునది యిదియే. రెండింటను రక్తమున చక్కెర నిలిచిపోవును. చుట్టును తిండి యున్నను కండరకణములు పస్తుండును. రోగి బాగుగా తినుచున్నను నీరసపడుటకు, చిక్కిపోవుటకు కారణ మిదియే.

ఇక మఱికొన్ని కణములున్నవి. రక్తనాళముల లోపలి పొరలోని కణములు, కంటి వెనుక తెరలోనివి, మూత్రపిండములలోనివి, నాడులలోనివి ఇన్సులిన్ కొఱకు వేచియుండవు. రక్తమున చక్కెర యెంత పెరిగిన వానిలోనికి అంత చొరబడును. అవి తలుపు మూసికొనజాలవు. మధుమేహము కన్ను, మూత్రపిండము, నాడి అను మూటిని ప్రత్యేకముగా దెబ్బతీయుటకు రహస్య మిక్కడనే యున్నది.

కణమునకు కలుగు నాలుగు కీడులు

మొదటిది అంటుకొనుట. గ్లూకోజు మాంసకృత్తులకు తనంతట తానే అంటుకొను గుణము కలది. 1912 లో మాయార్డ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చక్కెరయు మాంసకృత్తుల మూలద్రవ్యములును వేడిచే కలిసి గోధుమవన్నెకు తిరుగుటను వర్ణించెను. రొట్టె కాలినప్పుడు పైన ఎఱ్ఱబారుటయు ఇట్టిదే. పొయ్యిమీద నిమిషములలో జరుగు ఆ పని శరీరపు వేడిలో నెలలు, సంవత్సరములు పట్టును. మన నేతపని వారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. పడుగునకు గంజి తగినంత పట్టించినచో నూలు గట్టిపడును. గంజి మితిమీఱినచో పోగులు ఒకదానితో నొకటి అంటుకొని, బిఱుసెక్కి, పుటుక్కున తెగును. రక్తనాళముల గోడలలోను, చర్మములోను గల కొల్లాజెన్ అను నారలకు చక్కెర చేయునది సరిగా నిదియే.

ఈ గుణము పరీక్షకును ఉపకరించినది. ఎఱ్ఱకణములలోని హీమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకొనును. 1968 లో టెహ్రాను నగరమున శామ్యూల్ రహబర్ అను శాస్త్రజ్ఞుడు మధుమేహ రోగుల రక్తమునందు దీనిని గుర్తించెను. ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించును గనుక, అంటిన చక్కెరను కొలిచినచో గడచిన రెండు మూడు నెలల కథ తెలియును. పరీక్షకు ముందు రెండు దినములు పథ్యము చేసి వైద్యుని మురిపింప జూచువారి యెత్తు ఈ పరీక్షముందు పాఱదు.

రెండవది దారితప్పుట. కణములో చక్కెర మితిమీఱినప్పుడు దానిలో కొంత సార్బిటాల్ అను మఱియొక పదార్థముగా మాఱును. ఈ మార్పునకు, కణమును విషవస్తువులనుండి కాపాడు గ్లూటాథయోన్ అను రక్షకద్రవ్యమును నిలుపవలసిన సరంజామాయే ఖర్చగును. కావలివాని జీతమును వేఱొక పనికి ఖర్చుపెట్టినట్లయి, కణము రక్షణ లేనిదగును.

మూడవది నిప్పురవ్వలు. పొయ్యిలో కట్టెలు మితిమీఱి కూరినచో రవ్వలెగసి చుట్టుప్రక్కల పడును. అట్లే మైటోకాండ్రియాలో చక్కెర యెక్కువై మండినప్పుడు తీవ్రస్వభావము గల ప్రాణవాయు శకలములు పుట్టి, కణపు పొరలను, మాంసకృత్తులను, వంశసూత్రములను గాయపఱచును. తక్కిన కీడులకును ఈ రవ్వలే మూలము కావచ్చునని అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ బ్రౌన్లీ 2001 లో ప్రతిపాదించెను.

నాలుగవది తప్పుడు ఆజ్ఞలు. అధికమైన చక్కెర కణములోపలి వార్తావాహకములను కలతపెట్టును. అందువలన సన్నని రక్తనాళముల గోడలు మందమైనను, లోపలి ద్రవమును నిలుపజాలక కాఱును, సడలవలసినప్పుడు సడలవు, రక్తము గడ్డకట్టు స్వభావము పెరుగును.

కీడు బయటపడు చోట్లు

కంటి వెనుక తెరలోని సన్నని నాళములు ఉబ్బి, కాఱి, మూసికొనిపోవును. ప్రాణవాయువు చాలని ఆ తెర క్రొత్త నాళములను మొలిపించుకొనును. అవి పెళుసైనవి గనుక పగిలి కంటిలో రక్తము నిండును. అంతవఱకు చూపు బాగుగనే యుండవచ్చును.

మూత్రపిండము లొక్కొక్కదానిలో సుమారు పది లక్షల జల్లెడ లున్నవి. రెండును గలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, చాలవఱకు తిరిగి రక్తమునకే యిచ్చుచున్నవి. జల్లెడ కన్నులు చెడినచో ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి జారును. ఇది తొలి హెచ్చరిక. పరీక్షకే గాని కంటికి కనబడదు.

నాడులలో పొడవైనవి ముందుగా దెబ్బతినును. అందుచేత తిమ్మిరి, మంట, స్పర్శ లేకుండుట పాదములనుండి మొదలగును. మా విద్యార్థిని యొకతె తాతగారు వేసవిలో చెప్పులు లేక నడచి, గాజుపెంకు గ్రుచ్చుకొన్నను ఎఱుగరైరి. గచ్చుమీద నెత్తుటి అడుగుజాడలు చూచి మనుమరాలు చెప్పిన పిదపనే ఆయనకు తెలిసినది. అప్పటికి పుండు ముదిరినది. ఒక వ్రేలు పోయినను, వెంటనే వైద్యము జరుగుటచే పాదము దక్కినది. నొప్పి శత్రువు కాదు, కావలివాడని ఆ కుటుంబము నాడు గ్రహించినది. చక్కెర మిక్కుటమైన రక్తములో రోగక్రిములతో పోరాడు తెల్లకణములు కూడ మందగించును. అందుచే పుండ్లు త్వరగా మానవు.

పెద్ద నాళములు పూడినచో గుండెపోటు, పక్షవాతము కలుగును. రక్తపు పోటు, పొగాకు దీనికి తోడైనచో అపాయము మఱింత పెరుగును. అన్నిటికంటె విచారకరమైన సంగతి యొకటి: ఇన్సులిన్‌ను పుట్టించు కణములకు ఆత్మరక్షణశక్తి స్వభావముననే తక్కువ. అధికమైన చక్కెర వానినే అలయించి నశింపజేయును. వ్యాధి తన్ను తానే పెంచుకొనుట యనగా నిదియే.

నివారణ గలదా?

గలదని దీర్ఘకాల పరిశోధనలు తేల్చినవి. అమెరికా, కెనడా దేశములలో 1983 నుండి 1993 వఱకు మొదటి రకపు రోగులు 1,441 మందిని పరిశీలించిరి. చక్కెరను శ్రద్ధగా అదుపులో నుంచిన వర్గమున, అంతవఱకు బాగుగానున్న కండ్లకు వ్యాధి సోకు ప్రమాదము 76 శాతము తగ్గినది. ఇంగ్లండు మొదలగు చోట్ల 1977 లో మొదలిడి, ఫలితములు 1998 లో ప్రకటించిన మఱియొక పరిశోధనలో, రెండవ రకపు రోగులకు గట్టి అదుపుచే సూక్ష్మనాళముల వ్యాధులు 25 శాతము తగ్గినవి. తొలినాళ్లలో పాటించిన అదుపు ఫలము ఆ తరువాత పెక్కేండ్లు నిలుచునని కూడ తెలిసినది. కనుక నేడు చేయవలసిన పథ్యమును రేపటికి వాయిదా వేయరాదు.

పరగడుపున 126, లేక 75 గ్రాముల గ్లూకోజు త్రాగిన రెండు గంటలకు 200, లేక రెండు మూడు నెలల పరీక్షలో 6.5 శాతము, అంతకు మించియు నున్నచో మధుమేహమని వైద్యులు నిర్ణయింతురు. లక్షణములు లేనిచో పరీక్షను మఱల చేయించి రూఢి చేసికొందురు. బెల్లము, తేనె చక్కెరకు మాఱు కావు, అవియు చక్కెరలే. జొన్నరొట్టె మంచిదే, కాని మితము దానికిని వర్తించును. పప్పు, ఆకుకూరలు దానికి తోడుండవలెను. మగ్గముకడను బీడీల చేటకడను దినమంతయు కూర్చుండువారు ప్రతిదినము నడచుట అవసరము. పనిచేయు కండరము ఇన్సులిన్ తోడు అంతగా లేకయే చక్కెరను గ్రహింపగలదు. ఒంట్లో బాగున్నదని మందు మానరాదు. ఇన్సులిన్ తీసికొనువారు ఉపవాసము చేయదలచినచో ముందుగా వైద్యు నడుగవలయును; చక్కెర మిక్కిలి తగ్గుటయు ప్రాణాపాయమే. ఏటేట కండ్లను, మూత్రమును, పాదములను పరీక్ష చేయించుకొనవలెను.

విద్యార్థులారా! ఆసుపత్రిలో చీటీ ఇంగ్లీషున నుండును, మాట మరాఠీలో నుండును. ఇంటివద్ద తెలుగు మాత్రమే తెలిసిన అవ్వ తల యూపి, అర్థము కాకయే తిరిగివచ్చును. ఆ మూడు భాషలును నేర్చుచున్నవారు మీరు. ఆ చీటీలోని అంకెలు చదివి అవ్వకు అర్థమగునట్లు చెప్పుడు. వారమున కొక్కసారి యైనను తాతగారి పాదములను దీపము వెలుతురున చూడుడు. మీలో నెవరికైన దాహము, మాటిమాటికి మూత్రము, కారణము లేక చిక్కిపోవుట కనబడినచో దాచక తలిదండ్రులకు చెప్పుడు. పిల్లలకు ఆలస్యము మిక్కిలి ప్రమాదకరము. ఈ వ్యాధి అంటురోగము కాదు, పాపఫలము కాదు, సిగ్గుపడవలసినదియు కాదు. కంటిచూపును వ్రేళ్ల స్పర్శను నమ్ముకొని బ్రతుకు నేతపనివారి యిండ్లలో ఆ రెండింటిని కాపాడుకొనుట అన్నమును కాపాడుకొనుటయే.